ముందుకు పోయే పాట

ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటో పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని విఘ్నేశ్వర్ గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని మేమంతా ప్రతి ఆదివారం ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్లు మా బృందంలో ఎక్కువ కాలం నిలవలేదు. నేనూ నిలవలేదు. కాకపోతే మిగతావాళ్లు వెళ్లిపోయి ఊరుకున్నారు, నేను ఊరుకోలేదు. ఏం చేశానో చెబుతాను. విన్నాక విఘ్నేశ్వర్ మీద జాలి పడాలనిపిస్తే పడండి. నాకైతే ఇప్పటికీ అనిపించలేదు.

నా పేరు నిషిత. గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుని. ఆ ఫ్యాక్టరీ రాజేశం సేటుది. సంగారెడ్డి గంజి మార్కెట్లో కందులు, పెసలు కొని అమ్ముకుంటూ పైకొచ్చిన కుటుంబం. విఘ్నేశ్వర్ ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. చిన్నప్పుడే బెంగళూరు హాస్టల్లో వేశారు, చదువూ గిటారూ అక్కడే వంటబట్టాయి. తిరిగి రాగానే ఫ్యాక్టరీలో డైరెక్టరు కుర్చీ దొరికింది, బీరంగూడలోని వాళ్ల పాత మేడ పై అంతస్తు ప్రాక్టీసు గది అయింది.

ఆ గదిలో మేము నలుగురం. గిటారు విఘ్నేశ్వర్‌ది. కీబోర్డు నాది, కాలేజీ రోజుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించి నేర్చుకున్నాను. బాస్ గిటారు వాయించే అమర్ మా ఫ్యాక్టరీలోనే ఇంజనీరు, పుణెలో పెరిగినవాడు, ఎవరేమన్నా తలూపుతాడు. డ్రమ్స్ ఫర్దీన్‌వి. ఫర్దీన్ తండ్రి చాంద్ పాషాకు పటాన్‌చెరులో పెళ్లి బ్యాండు ఉంది. బారాత్ ముందు ఎర్ర కోట్లు వేసుకుని నడిచే బ్యాండ్లలో అంత పేరున్నది ఇంకొకటి లేదు.

"ఈ గదిలో సార్ లేడు, అందరం ఆర్టిస్టులమే" అని విఘ్నేశ్వర్ మొదటిరోజే ప్రకటించాడు. సార్ అనకపోవడం తప్ప అందులో వేరే తేడా ఏమీ ఉండేది కాదు. ఏ పాట వాయించాలో ఆయనే చెప్పేవాడు, ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పేవాడు. ప్రాక్టీసు అయ్యాక చాయ్ తెప్పించి వాదన పెట్టేవాడు. వాదన ఎప్పుడూ ఒక్కటే, ప్రోగ్రెసివ్ రాక్ అని దేన్ని అనాలి?

"పాట లాంగ్‌గా ఉండాలి" అనేవాడు ఆయన. "టైమ్ సిగ్నేచర్, అదే తాళం లెక్క, మారుతూ ఉండాలి. ఐదు, ఏడు, తొమ్మిది. భాగాలు భాగాలుగా ఉండాలి. అన్నిటినీ కలిపే కాన్సెప్ట్ ఒకటి ఉండాలి. క్లాసికల్ నుంచి తీసుకోవాలి. ఇవన్నీ ఉంటేనే ప్రోగ్."

ఫర్దీన్ ఒకసారి నవ్వుతూ అడిగాడు. "లాంగ్ ఉంటే ప్రోగా భాయ్? మా అబ్బా బ్యాండు బారాత్‌ల గంటసేపు ఆపకుంట కొడ్తది. మరి మేం గూడ ప్రోగేనా?"

"అది తమాషా, ఫర్దీన్. మ్యూజిక్ కాదు."

అమర్ తలూపాడు. ఫర్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టి, చాలాసేపు డ్రమ్ము మరలు బిగించుకుంటూ కూర్చున్నాడు. ఆ మాట వాడికి ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. విఘ్నేశ్వర్‌కు కనిపించలేదు, ఆయన అప్పటికే వేరే విషయంలోకి వెళ్లిపోయాడు.

నన్ను అడిగితే నాకు తోచింది చెప్పాను. "లాంగ్ కాదు, లెక్క కాదు. మామూలు పాట పల్లవితోటి బయలెల్లి, చరణాలు తిరిగి మళ్ల పల్లవి కాడికే వస్తది. పొద్దున పనికి పోయి మాపటికి ఇల్లు చేరినట్టు. ఇది గట్ల కాదు. నడుమల ఏదో ఒకటి జరుగుతది. జరిగినంక మొదటి వరుసనే మళ్ల వాయించినా అది మొదటిది కాదు. ఎనుకకు తిరిగిరాని పాటను ప్రోగ్ అంట నేను."

"నైస్. పొయెటిక్‌గా ఉంది" అన్నాడు విఘ్నేశ్వర్. "కాని డెఫినిషన్ అంటే ఇది కాదు."

నా మాట నేను ఎక్కడినుంచి తెచ్చుకున్నానో ఆయన అడగలేదు. మా నాయిన చావు నుంచి తెచ్చుకున్నాను.

మా నాయిన పేరు చిన్నరాములు. రాజేశం సేటు ఫ్యాక్టరీలోనే సెంట్రిఫ్యూజ్ సెక్షన్లో పనిచేశాడు. డప్పు మా ఇంటి విద్య. డ్యూటీ లేని రోజు ఎవరు పిలిచినా డప్పు తీసుకుని బయలుదేరేవాడు. పండగ దరువు, పెళ్లి దరువు, చావు దరువు, అన్నీ ఆయన చేతిలో ఉండేవి. చావు దరువులో మాత్రం ఆయనదంటూ ఒక పద్ధతి ఉంది. ఎనిమిది దెబ్బలు పడాల్సిన చోట ఒకటి మింగేసేవాడు, ఏడే పడేవి. మోసేవాళ్ల అడుగు అక్కడ కొంచెం తడబడి మళ్లీ కలిసేది. ఎందుకట్ల కొడ్తవని అడిగితే, మనిషి పోతుంటే అడుగు సాఫీగ పడొద్దు బిడ్డా, అనేవాడు.

పోయిన వానాకాలంలో ఆయనే పోయాడు. ఆయన జతగాళ్లు ఆయన దరువే కొట్టారు. శవాన్ని తీసుకుపోతూ దారిలో ఒకచోట పాడె దించుతారు. దింపుడు కళ్లం అంటారు దాన్ని. అక్కడ డప్పు ఆగిపోతుంది. కొడుకు శవం చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతాడేమోనని ఆఖరి ఆశ. పలక్కపోతే పాడెను తిప్పి ఎత్తుకుంటారు, డప్పు మళ్లీ అందుకుంటుంది. మా నాయినకు కొడుకు లేడు. ఆడపిల్ల ఇక్కడిదాకా రావద్దని ఎవరో అన్నారు. మా అమ్మ శివమ్మ వాళ్ల మీద విరుచుకుపడింది. నేనే వంగాను, నేనే పిలిచాను. తర్వాత డప్పు మళ్లీ మొదలైంది. అవే ఏడు దెబ్బలు, అదే చెయ్యి వరుస, కాని నాకు చెవుల్లో వేరే ఏదో మోగినట్టుంది. ఇంటికి వచ్చాక కూడా అదే మోగుతూ ఉండేది.

దాన్ని పాటగా కట్టాను. కీబోర్డు నేను వాయించి, నాయిన జతగాళ్ల చేత డప్పు కొట్టించి రికార్డు చేశాను. మొదట ఎత్తుకోవడం, నడక, ఆ తర్వాత దించడం. దించిన చోట ఏ వాద్యమూ లేదు, నా గొంతు ఒక్కటే మూడుసార్లు "నాయినా" అంటుంది. తర్వాత మళ్లీ ఎత్తుకోవడం. "నాయిన" అనే పేరు పెట్టాను. నేను జీవితంలో మనసుపెట్టి చేసిన పని ఏదైనా ఉందంటే అదే. బీరంగూడ గదికి తీసుకుపోయి ఒక ఆదివారం వినిపించాను.

మొదట్లో విఘ్నేశ్వర్ ముఖం వెలిగింది. వేళ్లమీద లెక్కపెట్టుకుని, "ఏడు! సెవెన్ కదా ఇది!" అని కుర్చీలోంచి లేచాడు. నా గొంతు వచ్చిన చోట కళ్లు మూసుకున్నాడు. అయిపోయాక నేను చెప్పబోయాను. "ఇది మా నాయినది. నడుమల ఆగిన కాడ నేను పిలుస్త కదా, అక్కడ ఏమైతదంటే..."

చెయ్యి అడ్డం పెట్టాడు. "కాన్సెప్ట్ అర్థమైంది నిషితా. ఫాదర్‌కి ట్రిబ్యూట్. ఎక్స్‌ప్లెయిన్ చేస్తే మ్యాజిక్ పోతది."

మా నాయిన పోయాడన్న సంగతే ఆయనకు తెలియదు. ఆయన ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, ఆయన ఎదురుగా కూర్చున్నదాని తండ్రి. నేను మొదలుపెట్టిన వాక్యం ఆరోజు సగంలోనే ఆగిపోయింది.

తర్వాత తీర్పు చెప్పాడు. "బాగుంది. బట్ ఇది ప్రోగ్ కాదు, ఫోక్. డప్పు మీద కీబోర్డు పెడితే ఫోక్ ఫ్యూజన్ అంటారు. ప్రోగ్రెసివ్ అంటే ముందుకు పోవడం. డప్పు వెనక్కి లాగుతది."

"డప్పు ఎప్పుడూ ముందలనే నడుస్తది" అన్నాను.

నవ్వాడు. అమర్ కూడా నవ్వాడు, ఎందుకో వాడికే తెలియాలి. నేను వదల్లేదు. నడుమల జరిగేది జరుగుతుందా లేదా, తర్వాత అదే దరువు వేరేలా వినపడుతుందా లేదా అని అడిగాను. క్లాసికల్ నుంచి తెస్తే ప్రోగ్ అయ్యేది, మా వాడ నుంచి తెస్తే ఫోక్ ఎందుకైందని అడిగాను. గొంతు పెద్దదైంది. విఘ్నేశ్వర్ గిటారు పక్కన పెట్టి, ఫ్యాక్టరీలో మాట్లాడే గొంతుతో మాట్లాడాడు. "నిషితా, కొన్నాళ్లు బ్రేక్ తీసుకో. మన సౌండుకి నువ్వు సెట్ కావట్లేదు."

మెట్లు దిగి వచ్చేశాను. రికార్డు ఆ గది కంప్యూటరులోనే ఉండిపోయింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు సాయంత్రం ఫర్దీన్ ఫోన్ చేసి ముత్తంగి చౌరస్తా దగ్గర హోటలుకు రమ్మన్నాడు. వెళ్లేసరికి వాడు చాయ్ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"నిషితా, నీ పాట కొడ్తున్నం మేము" అన్నాడు.

"నా పాటనా?"

"పేరు మార్చిండు. 'అరవై' అంటడు. సేటుకు అరవై ఏండ్లు నిండుతున్నయ్ గదా, షష్టిపూర్తి ఫంక్షన్ ఇక్కడ్నే, రింగురోడ్డు పక్క హాలుల. ఫ్యాక్టరీ మొత్తాన్ని పిలుస్తున్నరు. ఫంక్షన్ల అదే మా ఐటెం. డప్పు తీసేసి నన్ను అదే దరువు డ్రమ్ముల మీద కొట్టమంటడు. జోర్‌గ కొట్టు, ఇంక జోర్‌గ కొట్టు అంటడు. నడుమల నీ గొంతు తీసేసిండు. అక్కడ ఆయననే డాడీ అని పిలుస్తడంట."

మా నాయిన కోసం కట్టింది, ఫోక్ అని మెట్లమీది నుంచి తోసింది, ఇప్పుడు సేటు పుట్టినరోజుకు పనికొచ్చింది. ఒళ్లు భగ్గుమంది.

ఫర్దీన్ గొంతు తగ్గించాడు. "అది ఏం దరువో ఆయనకు ఎరుకేనా?"

"ఎరుకలేదు. చెప్పబోతే ఇనలే."

"అమర్‌కు గూడ తెల్వదు. షష్టిపూర్తిల చావు డప్పు! నేను పరేషాన్ అయితున్న. చెప్పాల్నా ఒద్దా?"

"జెర ఆగు" అన్నాను. "నేను ఒక్కసారి పోయి అడుగుత. నా పేరు పెడ్తే నేనే అంతా చెప్త. పెట్టకపోతే చూద్దాం."

న్యాయంగా ఒక అవకాశం ఇచ్చానని నేను గొప్పలు పోవడం లేదు. ఆయన కాదంటాడని నాకు ముందే తెలుసు. అయినా ఆ మాట ఆయన నోట వినాలనిపించింది.

మర్నాడు డ్యూటీ దిగి బీరంగూడ వెళ్లాను. గోడకు ఆనించి పెద్ద ఫ్లెక్సీ ఉంది. పూలదండల మధ్య రాజేశం సేటు బొమ్మ, కింద "అరవై", దాని కింద "రచన, సంగీతం: విఘ్నేశ్వర్". చూసి తిరిగాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. రా రా అని కుర్చీ చూపించాడు.

"ఇది నేను కట్టింది" అన్నాను. "నా పేరు పెట్టు. అంతకన్న ఏమీ అడుగుతలేను."

"నువ్వు ఇచ్చింది రా మెటీరియల్ నిషితా." ఫ్యాక్టరీ భాషే వచ్చింది. "నేను అరేంజ్ చేశాను. గిటార్ సోలో పెట్టాను, సెకండ్ హాఫ్ స్కేల్ మార్చాను. ప్రోగ్ అంటే అరేంజ్‌మెంటే. నువ్వే కదా అన్నావ్, నడుమ మారాలి, మళ్లీ మొదటిది కాకూడదు అని. చూడు, మారింది. నీది ఫోక్. ఇది ప్రోగ్. రెండూ ఒకటి కాదు."

నా మాటతోనే నా నోరు కట్టాడు. నా పాట నాది కాదనడానికి నేను చెప్పిన అర్థాన్నే వాడుకున్నాడు. అప్పటిదాకా కొంచెం ఊగిసలాట ఉండేదేమో నాలో. ఆ క్షణంలో పోయింది. ఈ మనిషిని వదలకూడదు అనుకున్నాను.

"సరే" అన్నాను. ఎంత మెత్తగా అన్నానంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయనకు హాయి అనిపించినట్టుంది, ముందుకు వంగాడు. "వచ్చావ్ కాబట్టి అడుగుతా. ఆ మధ్యలో సైలెన్స్ ఉంది చూడు, అది నాకు సెట్ కావట్లేదు. స్టేజీ మీదినుంచి ఒకసారి డాడీ అంటున్నా. ఎఫెక్ట్ రావట్లేదు. నీ దాంట్లో వచ్చింది. ఏం చేశావ్ అక్కడ?"

చూశారా, నేను వల వేయలేదు. ఆయనే వచ్చి చెయ్యి పెట్టాడు. నేను ముడి బిగించాను, అంతే.

"స్టేజీ మీదికెల్లి పిలువొద్దు" అన్నాను. "ఒక్కసారి పిలిస్తే సరిపోదు. మైకు పట్టుకొని కిందికి దిగు. సేటు కుర్చీ కాడికి పో. చెవికాడికి వంగు. మూడుసార్లు పిలువు. తక్కువొద్దు, ఎక్కువొద్దు. ఒక్కొక్కసారికి నడుమ జెర ఆగు, పలుకుతడేమో అని చూస్తున్నట్టు ఆగు. అందరికీ తెలుస్తది."

"వావ్" అన్నాడు విఘ్నేశ్వర్. ఫోనులో రాసుకున్నాడు కూడా. "థాంక్స్ నిషితా. ప్రోగ్రాం చివర స్పెషల్ థాంక్స్‌లో నీ పేరు చెప్తా."

మెట్లు దిగుతూనే ఫర్దీన్‌కు ఫోన్ చేశాను. "చెప్పకు" అన్నాను.

అవతల వాడు నవ్వాడు, మంచి నవ్వు కాదది. "మా అబ్బా కొట్టేదాన్ని తమాషా అన్నడు గదా. సరే, చూపిద్దాం తమాషా."

షష్టిపూర్తి పొద్దున హాలంతా మల్లెపూల వాసన. ఒకవైపు సంగారెడ్డి, సదాశివపేట వ్యాపారుల కుటుంబాలు, పట్టుచీరలు, బంగారం. ఇంకోవైపు ఫ్యాక్టరీ జనం, యూనిఫాం లేకుండా ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టంగా ఉంది. బిహారు, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు వెనక వరసల్లో. నాతో వచ్చిన మా అమ్మ ఫ్యాక్టరీ క్యాంటీన్ వాళ్లతో కూర్చుంది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. దండలు మార్చుకోవడం అయింది, అక్షతలు అయ్యాయి. రాజేశం సేటును ముందు వరసలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన ఆయన అక్క విమలమ్మ, కర్ర పట్టుకుని, వచ్చినవాళ్లందరినీ గద్దిస్తూ.

బృందం స్టేజీ ఎక్కింది. ఫర్దీన్ నన్ను కళ్లతో వెతికి పట్టుకుని కొంచెం తల వంచాడు. వాడి చేతుల్లో మామూలు డ్రమ్ము కర్రలు లేవు. ఒకటి లావు, ఒకటి సన్నం, డప్పు పుల్లలు. అచ్చం డప్పులా మోగాలని డ్రమ్ము కింద గరగరలాడే తీగలు కూడా వదులు చేసేశాడని తర్వాత చెప్పాడు. ఆ పని నేను అడగలేదు. వాడి లెక్క వాడిది.

మొదట గిటారు ఒక్కటే మోగింది. తీయగా ఉంది, కాదనను. పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూనే ఉన్నారు. తర్వాత ఫర్దీన్ అందుకున్నాడు.

దరువు మొదటి చుట్టుకు ఎవరూ పట్టించుకోలేదు. రెండో చుట్టుకు ఫ్యాక్టరీ జనంలో తలలు లేచాయి. ఎవరో పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి ఏదో అడిగారు. వడ్డన బల్లల దగ్గర గరిటెల చప్పుడు ఆగిపోయింది. పట్టుచీరల వైపు మాటలు ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. ఇది ఏం దరువో మా ప్రాంతంలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. పిల్లలు కూడా ఆ దరువు వినగానే వీధి తలుపు దగ్గరికి పరిగెత్తి ఎవరు పోయారో చూస్తారు. విఘ్నేశ్వర్ మాత్రం కళ్లు మూసుకుని సోలో వాయిస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దమవడం చూసి తన వాయింపు గొప్పతనం అనుకున్నాడు, ఇంకా రెచ్చిపోయాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి ఒక్కో ముఖం చూస్తూ ఉన్నాను. ఇంత సంతోషం నాకు చాలా రోజులుగా లేదు.

విమలమ్మ కర్ర నేలకు కొట్టింది. "ఏందిరా ఇది? ఎవర్ని మోస్తున్నర్రా?"

ఆ మాట డ్రమ్ముల మోతలో స్టేజీ దాకా వెళ్లలేదు. దరువు ఉన్నట్టుండి ఆగింది. విఘ్నేశ్వర్ గిటారు వెనక్కి తోసుకుని, మైకు చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు. వరస మధ్యలోంచి నడిచి తండ్రి కుర్చీ దగ్గరికి వచ్చాడు. చెవి దగ్గరికి వంగాడు.

"డాడీ" అన్నాడు.

హాల్లో ఎవరో ఆడమనిషి గట్టిగా ఊపిరి పీల్చింది. చెప్పినట్టే ఆగాడు.

"డాడీ."

విమలమ్మ లేచింది. "ఓరి దేవుడా, ఆపుండ్రి, వీని నోరు మూయుండ్రి!" అని అరిచింది. విఘ్నేశ్వర్‌కు వినపడలేదు, వినపడినా చప్పట్లలో భాగమే అనుకుని ఉంటాడు. చెప్పినట్టే మళ్లీ ఆగాడు.

"డాడీ."

స్పీకర్లలోంచి ఆ మూడో పిలుపు నాలుగు గోడలకూ తగిలింది. ఏడుపులు మొదలయ్యాయి. వెనక వరసల్లోంచి మా అమ్మ లేచి నిలబడింది. ఆమె సేటు వైపు చూడటం లేదు, నా వైపు చూస్తోంది. ఆమెకు అర్థమైంది చావు దరువు అని మాత్రమే కాదు, అందులో మింగిన దెబ్బ ఎవరిదో కూడా.

రాజేశం సేటు కదల్లేదు. ముఖంలో రంగు లేదు. అప్పుడు మాత్రం నాకు భయం వేసింది, నిజంగానే ముసలాయనకు ఏమైనా అవుతుందేమోనని. ఆయన మెల్లగా చెయ్యి చాపి, కొడుకు చేతిలోని మైకును తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"ఉన్న బిడ్డా" అన్నాడు. "ఇంక పోలే."

ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి నిలబడ్డాడు. "ఇది ఎవడు కట్టిండు?"

విఘ్నేశ్వర్ ఒకసారి చుట్టూ చూశాడు. మేనత్త గుండెలు బాదుకుంటోంది, తల్లి పక్కవాళ్ల మీద వాలిపోయింది. ఏదో ఘోరం జరిగిందని అప్పటికి తెలిసింది, ఏం ఘోరమో ఇంకా తెలియదు. ఎవరో బంధువు చెవిలో చెప్పాడు. ఆ మాట ఆయన లోపలికి దిగడం నేను కళ్లారా చూశాను. చెవులు ఎర్రబడ్డాయి.

"నేను కాదు డాడీ" అన్నాడు. వెనక ఫ్లెక్సీ మీద ఆయన పేరు జానెడు అక్షరాల్లో ఉంది. "నిషిత చేసింది. ల్యాబులో పనిచేస్తది. ట్యూన్, బీటు, ఆ పిలవడం, మొత్తం ఆమెదే. నాది ఏమీ లేదు. గాడ్ ప్రామిస్, మొత్తం ఆమెదే."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. మొత్తం ఆమెదే అన్న మాట స్పీకర్లలోంచి హాలంతా మోగింది. గేటు దగ్గరి వాచ్‌మన్ దాకా వినపడి ఉంటుంది. బీరంగూడ గదిలో నేను అడిగింది ఆ ఒక్క మాటే. మెత్తగా అడిగితే ఇవ్వలేదు, ఇప్పుడు అడగకుండానే ఊరందరి ముందు కాళ్లమీద పడేసినట్టు పడేశాడు. నా కడుపు చల్లబడింది.

"నాదే" అని ముందుకు వచ్చాను.

సేటు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎవరి బిడ్డవు?"

"చిన్నరాములు బిడ్డను, సేట్. సెంట్రిఫ్యూజుల చేసేటోడు."

"డప్పు చిన్నరాములా?" ఆయన ముఖం మారింది. "మా మొదటి బ్లాకుకు ముగ్గు వోసిననాడు డప్పు కొట్టింది ఆయననే. ఉన్నడా?"

"పోయిన వానకాలం పోయిండు."

ఆయన కొడుకు వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. ఈయనకైనా ఎవరూ చెప్పలేదా, చెప్పినా మరిచిపోయాడా, నాకు తెలియదు. ఆయన మీద కూడా కోపం తెచ్చుకోవాలని చూశాను.

"ఇది ఆయనకు కట్టినవా?"

"ఆయనకే."

"నువ్వు పిలిచినవా?"

"పిలిచిన."

"పలికిండా?"

నా దగ్గర జవాబులన్నీ తయారుగా ఉన్నాయి. నువ్వు కావాలనే చేశావా అంటే అవును అనడానికి, ఉద్యోగం తీసేస్తా అంటే తీసేయ్ అనడానికి, వారం రోజులుగా మనసులో కూడబెట్టుకున్నాను. ఈ ప్రశ్నకు మాత్రం ఏదీ లేదు. ఎదురుగా విఘ్నేశ్వర్ నిలబడి ఉన్నాడు. మూడుసార్లు పిలిచాడు, తండ్రి పలికాడు. దొంగ పాటకు, దొంగ పిలుపుకు పలికాడు. నేను మట్టిలో మోకాళ్లమీద కూర్చుని, గొంతు పగిలేలా పిలిచినా పలకలేదు. అంతకుముందు ఎప్పుడూ నాకు విఘ్నేశ్వర్ మీద అసూయ లేదు. అప్పుడు కలిగింది, ఒళ్లంతా మండిపోయేంత.

"లేదు సేట్" అన్నాను.

విమలమ్మ ఇంకా తిడుతూనే ఉంది. ఈ ముండను బయటికి పంపు, పంతుల్ని పిలిపించి శాంతి చేయించు అంటోంది. సేటు చెయ్యి ఎత్తి ఆపాడు.

"నన్ను పిలిచిన్రు, నేను పలికిన. ఇగ నాకేం గాదు అక్కా. కని ఆ చిన్నరాములును నడుమల దించి ఇడిచిపెడ్తరా?" నా వైపు తిరిగాడు. "మిగిలింది కొట్టుమను. నువ్వు గూడ పో. నువ్వు చేసిన పనికి రేపు మాట్లాడుత నీతోటి. ముందు ఆయనను సాగనంపు."

కొడుకును ఒక్క చూపు చూసి, "నువ్వు కూసో" అన్నాడు. విఘ్నేశ్వర్ అక్కడే, స్టేజీ మెట్టు మీద, గిటారు వీపున వేలాడుతుండగా కూర్చున్నాడు. ఆయన మోకాలును దాటుకుని నేను పైకి ఎక్కాను. పలకరించలేదు.

కీబోర్డు ముందు నిలబడితే వేళ్లు కనిపించలేదు, కళ్లనిండా నీళ్లు. కింద మా అమ్మ వరసల మధ్యలోంచి నడుచుకుంటూ ముందుకు వస్తోంది. ఫర్దీన్ డప్పు పుల్లలు సరిచేసుకుని నా వైపు వంగాడు.

"ఎక్కడికెల్లి అందుకోవాలె నిషితా?"

"పలకలే గదా" అన్నాను. "మళ్ల ఎత్తిన కాడికెల్లి కొట్టు."